పారబోసిన ఎండ

బెజవాడలో మే నెల మిట్టమధ్యాహ్నం చెప్పులు విప్పి సిమెంటు మెట్టు మీద కాలు పెట్టమంటే ఎవరైనా తిట్టిపోస్తారు. విశాలాక్షి సరిగ్గా అదే అడిగింది. అదీ క్రీడా వినోద సంస్థ ఛైర్మన్ భుజంగరావు గారిని.

"బూట్లు విప్పండి సార్. మేజోళ్ళు కూడా."

వెనకున్న అధికారులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొత్త స్టేడియం ఇంకా రంగు వాసన కొడుతోంది. పైన ఆచ్ఛాదన లేదు, నడినెత్తిన సూర్యుడు. భుజంగరావు ఒక కాలు ఆనించీ ఆనించనట్టు పెట్టాడు, చురుక్కుమంటే లాక్కోవడానికి వీలుగా. లాక్కోలేదు. రెండో కాలు కూడా పెట్టాడు. ఆయన మొహం మెల్లగా విచ్చుకుంది.

"ఇదేంటమ్మా, గర్భగుడిలో నిలబడ్డట్టుంది!"

విశాలాక్షి పక్క మెట్టు మీద అరిటాకు ముక్కలో పెట్టిన వెన్నముద్ద చూపించింది. పొద్దున్నే పెట్టింది. ఎండలో ఉన్న వెన్న కరగలేదు సరికదా, అంచులు కూడా మెత్తబడలేదు. అధికారులంతా బిలబిలమంటూ బూట్లు విప్పారు. పెద్దపెద్ద వాళ్ళంతా ఏటి ఒడ్డుకు వచ్చిన బడిపిల్లల్లా మెట్ల మీద ఇటూ అటూ తిరిగారు.

అది ఆమె పదిహేనేళ్ళ పని. ప్రయోగశాలలో దానికి ఏదో పొడుగాటి పేరుండేది కానీ, కాలువల ఊళ్ళో పుట్టిన మనిషి కాబట్టి ఆమె దాన్ని ఎండకాలువ అనే పిలిచేది. పిలవగా పిలవగా అదే స్థిరపడింది. మెట్ల కింద పరిచిన నల్లటి కడ్డీలు వేడిని లాగుతాయి. ఒకదానికొకటి ఆనించి భూమిలో ఎంత దూరం పాతితే అంత దూరం, కాలువ నీళ్ళని తీసుకెళ్ళినట్టు, వేడిని తీసుకెళ్ళి ఆ చివరన, శివారులో వదిలేస్తాయి. కరెంటక్కర్లేదు. మధ్యలో ఒక తూము. తూము దించితే కడ్డీలు విడిపోయి వేడి ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. స్టేడియం గిన్నెలా ఉంది గనక, చల్లబడ్డ గాలి పైకి పోకుండా అడుగునే నిలుస్తుంది.

"నగరానికి ఎండ లేకుండా చేశారు మేడం!" అన్నాడు భుజంగరావు.

"లేకుండా ఎలా పోతుందండీ? ఇక్కడ్నుంచి ఎత్తి కాలువలో పారబోస్తున్నాం. నీళ్ళు మోసుకుపోతాయి."

భుజంగరావు నవ్వాడు. నవ్వుతూ ఛీఫ్ ఇంజనీరు ఇమ్మానుయేలు వైపు చూశాడు. ఇమ్మానుయేలు వంగి మేజోళ్ళు వేసుకోవడంలో మునిగిపోయాడు. ఆ చూపు విశాలాక్షికి కనపడింది. కానీ సంతోషంలో ఉన్న మనిషికి కనపడినవన్నీ లోపలికి దిగవు.

ఈ స్టేడియం ఒక్కటే అయితే ఇంత హడావిడి లేదు. పక్కన ఇండోర్ హాలు, కచేరీ వేదిక, కాలువ గట్టున పడవ హోటళ్ళు, నీళ్ళ మీద లైట్ల ఆట, అన్నీ కలిపి ఆనందనగరి అని పేరు పెట్టారు. డబ్బు సరిపోలేదు. కొండల మీది ఇళ్ళకి వెయ్యాల్సిన మంచినీళ్ళ గొట్టాల పని ఆపేసి ఆ నిధులు ఇటు మళ్ళించారు. అదీ చాలక ఇంటిపన్నులో వినోద సుంకం కలిపారు. అదీ చాలక కాలువ గట్టుని ఒక కంపెనీ చేతిలో పెట్టారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఎవరి సొమ్మో తీసి ఎవరికో పండగ చేస్తున్నారు. ఇవన్నీ విశాలాక్షి పేపర్లో చదివింది. పక్కవీధి తగాదా విన్నట్టు చదివి పక్కన పెట్టింది. తన కడ్డీలు చల్లగా ఉన్నాయా లేదా అన్నదే ఆమె గొడవ.

"ఆదివారం ప్రారంభం. నలభైవేల మంది!" అన్నాడు భుజంగరావు బూట్లు చేత్తో పట్టుకుని.

ఆ సాయంత్రం విశాలాక్షి, భర్త చలపతి చిట్టికొండ మెట్లెక్కారు. చలపతి అక్క మాణిక్యం ఇల్లు సగం కొండ మీద ఉంటుంది. కూతురు పావనికి తొలికాన్పు. మగపిల్లాడు పుట్టి మూడు వారాలు కావస్తోంది, రేపో ఎల్లుండో ఉయ్యాల్లో వెయ్యాలి. చేతిలో పట్టుచీర, వెండి మొలతాడు, కవర్లో మామిడిపళ్ళు.

మాణిక్యం గుమ్మంలోనే బిందెలు వరసగా పెట్టుకుని కూర్చుంది. ట్యాంకరు కొండ కిందకొస్తే ఎవరో ఒకరు ఈల వేస్తారు. ఆ ఈల కోసం కాచుకుని ఉంది.

"రావే విశాలీ. స్టేడియం కట్టినమ్మవి, మా గుమ్మం కనపడుద్దా నీకు?"

"నేను కట్టలేదు వదినా, చల్లబరిచానంతే."

"ఆ చల్లదనమేదో మాక్కాస్త పంపించవే తల్లీ! ఈ ఏడు ఎండలు మామూలుగా లేవు. పొద్దుగూకి రుబ్బిన పిండి తెల్లారేసరికి నురగలు కక్కుతోంది. ఇడ్లీ తిన్నవాడల్లా మొహం అదోలా పెడుతున్నాడు."

"నీ ఇడ్లీ పుల్లగా లేనిదెప్పుడక్కా?" అన్నాడు చలపతి.

"నోర్ముయ్‌రా. ఆ పుల్లిడ్లీలు తినే కాలేజీలో లెక్చరర్‌వయ్యావు." అంతలోనే మాణిక్యం గొంతు తగ్గించింది. "సూరమ్మత్త పోయింది తెలుసా? వెనక గదిలో చాప మీద పడుకున్నది పడుకున్నట్టే. వడదెబ్బన్నారు. గడప దాటని మనిషికి వడదెబ్బేంటో! పొయ్యే కాలమొచ్చి పోయింది, పేరు ఎండకొచ్చింది."

విశాలాక్షి అయ్యో అంది. సూరమ్మత్త పక్కిల్లే. విశాలాక్షి కొత్తకోడలుగా ఈ ఇంటికొచ్చిన వేసవిలో ఆవిడే మల్లెపూల జడ వేసింది.

పురిటిగది ఇంటికి వెనక ఉంది. కొండని చెక్కి కట్టిన ఇల్లు కాబట్టి ఆ గదికి వెనక గోడంటూ లేదు. కొండే గోడ, దానికే సున్నం కొట్టారు. ముందు గది మీద రేకులు. వేసవిలో రేకుల కింద బొరుగులు వేగినట్టు వేగి, అందరూ వెనక గదికే చేరేవాళ్ళు. చలపతి పుట్టింది ఆ గదిలోనే. పెళ్ళయిన ఏడు మే నెలలో విశాలాక్షి ఆ రాతికి వీపు ఆనించి కూర్చుని, తన ఒంట్లో వేడిని రాయి తాగుతున్నట్టుందే అనుకుంది. ఎండకాలువ ఆలోచన మొదలైంది అక్కడే. ఆ సంగతి ఎన్ని సభల్లో చెప్పిందో, చెప్పినప్పుడల్లా జనం చప్పట్లు కొట్టారు.

లోపలికి అడుగు పెట్టగానే సాంబ్రాణి పొగ, ఆ వెనకే వేడి. కిటికీ మూసి, సందుల్లో గుడ్డలు కుక్కారు. ఫ్యాను లేదు, బాలింతకు గాలి తగలకూడదు కదా. పావని తలకి గుడ్డ కట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, రాతిగోడకి ఆనించిన మంచం మీద ముడుచుకుని పడుకుంది. పెదవులు పగిలి ఉన్నాయి.

"నీళ్ళు తాగుతున్నావా పావనీ?"

"అమ్మ ఎక్కువ తాగనివ్వట్లేదత్తా," పావని గొంతు పీలగా వచ్చింది.

"బాలింతకి చెంబులకి చెంబులు పడతారా ఎక్కడన్నా? నీరు పట్టదూ?" మాణిక్యం వెనకనించి అందుకుంది. "నువ్వే చూడవే విశాలీ, ఎంత బాగా కలిసొచ్చిందో! మామూలుగా కుంపటి పెట్టి కాపాలి కదా గదిని. ఈ ఏడు ఆ అవసరమే లేదు. గోడే వెచ్చగా ఉంటోంది. కొండమ్మే మనవరాలికి కాపడం పెడుతోందని మురిసిపోతున్నాన్నేను. పిల్లాడూ అంతే, ఎంత బుద్ధిమంతుడో! ఏడుపే తెలీదు."

విశాలాక్షి గోడ మీద అరచెయ్యి పెట్టింది.

ఎండకి కాలిన రాయి వేడి వేరు. అది పైపైన మండుతుంది, ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. ఇది అలా లేదు. అంగుళం తేడా లేకుండా సమంగా, లోపల్నుంచి నెడుతున్నట్టు, తడి అన్నది లేని వేడి. ఈ వేడిని ఆమె పదిహేనేళ్ళుగా ప్రయోగశాలలో కడ్డీల చివర తాకి చూస్తోంది. కన్నబిడ్డ గొంతు జనంలో ఉన్నా తెలిసినట్టు తెలిసిపోయింది.

చెయ్యి తీసి పిల్లాడి మీద పెట్టింది. ఒళ్ళు కాలిపోతోంది. చెమట లేదు. బుగ్గ గిల్లితే మూతి ముడిచాడు కానీ గొంతు లేవలేదు. నోటిలో వేలు పెడితే తడి లేదు. ఏడుపు తెలియక కాదు, ఏడవడానికి ఓపిక లేక ఊరుకున్నాడు.

"చలపతీ! పిల్లాణ్ణి తీసుకో. పావనీ, లే."

"ఏంటే? ఎక్కడికే?" మాణిక్యం గుమ్మానికి అడ్డం నిలబడింది. "పొద్దువాలిన వేళ పసిగుడ్డుని గాలిలోకి తీస్తావా? మతుందా నీకు? ఉయ్యాల్లో కూడా వెయ్యలేదింకా!"

"ఉయ్యాల్లో వెయ్యాలంటే పిల్లాడుండాలి కదా వదినా!"

ఆ మాట ఎలా వచ్చిందో విశాలాక్షికే తెలీదు. మాణిక్యం చెంప మీద కొట్టినట్టు నిలబడిపోయింది. తరవాత తనే పిల్లాణ్ణి లాక్కుని మెట్ల వైపు పరిగెత్తింది. వెనక చలపతి పావనిని దాదాపు ఎత్తుకున్నట్టే దించాడు. కింద ట్యాంకరొచ్చినట్టుంది, ఎవరో ఈల వేస్తున్నారు. బిందెలతో ఎగబడి వస్తున్న జనానికి ఎదురుగా వీళ్ళు దిగారు.

ఆసుపత్రిలో పిల్లల డాక్టరు గుక్కెడు గాలి పీల్చుకోకుండా పని చేసింది. సూదికి నరం దొరకడానికే చాలాసేపు పట్టింది, అంతగా ఎండిపోయాయి. కాస్త కుదుటపడ్డాక బయటకొచ్చి అడిగింది: "ఏ ఇటుకబట్టీ పక్కన పడుకోబెట్టారమ్మా వీణ్ణి?"

"పురిటిగదిలోనే తల్లీ," అంది మాణిక్యం.

డాక్టరు ఆమెనొకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ చూపే మాణిక్యాన్ని కూలదోసింది. బల్ల మీద కూర్చుని రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. "ఈ చేతుల్తో నేనే కదే గుడ్డలు కుక్కాను. నీళ్ళడిగితే నేనే కదే కసిరాను."

గోడ వేడి ఎక్కడిదో చెప్పాలని విశాలాక్షికి నోటి దాకా వచ్చింది. కానీ ముందు తనకి నిజం తెలియాలి.

మర్నాడు పొద్దున్నే ఆమె ఇమ్మానుయేలుని స్టేడియం వెనక కడ్డీలు పాతిన కందకం దగ్గర పట్టుకుంది. ఆయన మంచివాడే. పిల్లల పెళ్ళిళ్ళు చేసి, రిటైర్మెంటు కోసం చూస్తున్న మనిషి. మంచివాళ్ళు గట్టిగా నోరు తెరవకపోవడం వల్ల జరిగే పనులు ఈ దేశంలో చాలా ఉన్నాయి.

"ఎండకాలువ శివారు ఎక్కడుందండీ?"

"మీ డ్రాయింగులోనే ఉంది కదా మేడం..."

"నా డ్రాయింగు సంగతి నాకు తెలుసు. భూమిలో ఎక్కడుంది?"

ఇమ్మానుయేలు కందకంలోకి చూస్తూ చెప్పాడు. "కాలువ వేడెక్కితే చేపలు తేలతాయంట మేడం. లైట్ల ఆట చూడ్డానికొచ్చినవాళ్ళు కంపుకి లేచి పోతారని ఆ కంపెనీవాళ్ళు ఒప్పుకోలేదు. గట్టు తీసుకోం, డబ్బు కట్టం అన్నారు. ఆ డబ్బు లేకపోతే స్టేడియమే లేదు. అందుకని ఇంకో తూము పెట్టి శివారుని చిట్టికొండకి తిప్పాం. కాలువ వైపు తూము మూసేసి వెల్డింగు పెట్టేశాం."

"నన్నడగాలని ఎవరికీ తోచలేదా?"

"మిమ్మల్ని అడిగితే మీరు వద్దంటారు కదా మేడం," అన్నాడాయన అమాయకంగా. "కొండ పెద్దది, ఈ మాత్రం వేడి మింగేస్తుందిలే అనుకున్నాం."

"మింగుతుంది. మింగి కూర్చోదు కదండీ. రాతిలో చీలిక ఎటుంటే అటు కక్కుతుంది. కొండ చెక్కి కట్టిన ప్రతి ఇంటి వెనక గదిలోకీ కక్కుతోంది."

"కొండ మీద వేడి కొలిచే మీటర్లు పెట్టాం మేడం, రోజూ చూస్తున్నాం. అంతా మామూలుగానే ఉంది."

"ఎక్కడ పెట్టారు?"

"కరెంటు స్తంభాలకి."

విశాలాక్షికి ఒక్క క్షణం నవ్వొచ్చింది, ఏడుపు లాంటి నవ్వు. చదువుకున్నవాళ్ళంతా కలిసి వీధిలో గాలి ఎంత వేడిగా ఉందో రోజూ చూస్తున్నారు. మనుషులు పడుకునేది వీధిలో కాదని ఎవరికీ గుర్తు రాలేదు. సూరమ్మత్త చాప గుర్తొచ్చింది. గడప దాటని మనిషికి వడదెబ్బేంటో అని మాణిక్యం అడిగిన ప్రశ్నకి ఇప్పుడు జవాబు దొరికింది.

నీళ్ళయితే ఈ డెల్టాలో శివారు దాకా ఏనాడూ చేరవు. పైవాళ్ళు తోడుకోగా మిగిలితే కదా! ఎండ మాత్రం బొట్టు పోకుండా శివారుకి చేరింది.

భుజంగరావు స్టేడియం మధ్యలో కుర్చీ వేయించుకుని ప్రారంభోత్సవం నృత్యం రిహార్సల్ చూస్తున్నాడు. విశాలాక్షి చెప్పిందంతా విన్నాడు. వినలేదని ఆయన్ని అనడానికి లేదు. విని, కొబ్బరిబోండాం పక్కన పెట్టి, ఓర్పుగా చెప్పాడు.

"అమ్మా, ఊరన్నాక ఎక్కడో ఓచోట చెత్త వెయ్యాలి కదా. చెత్తకుప్ప లేని ఊరుంటే చెప్పండి."

"ఆ కుప్ప మీద మా మేనకోడలి పసిబిడ్డ పడుకున్నాడండీ. ఒక ముసలావిడ చచ్చిపోయింది."

"ఛ ఛ, అలా అనకండి. వడదెబ్బకి ఏటా పోతూనే ఉంటారు. అది మీ మీదికెందుకు వేసుకుంటారు? ఆదివారం ఒక్క పూట గడవనివ్వండి. సోమవారం కమిటీ వేద్దాం, మిమ్మల్నే అధ్యక్షురాలిగా పెడతాను. కొండమీద ఇంటికో కూలరు ఇద్దాం."

"కూలర్లో ఏం పోసుకుంటారు? వాళ్ళ నీళ్ళ గొట్టాల డబ్బే కదా ఇదిగో, ఈ లైట్లు!"

నృత్యం చేస్తున్న పిల్లలు ఆగి చూశారు. భుజంగరావు గొంతు తగ్గించాడు. "మేడం. మీరు గొప్ప సైంటిస్టు. ఇది మీ పేరు మీద దేశమంతా కడతారు. మీ పేరు మీరే పాడు చేసుకుంటారా?"

"ఇప్పటిదాకా జరిగింది ఖాళీ స్టేడియం వేడికే సార్. ఆదివారం నలభైవేల ఒళ్ళు, ఆ ఒళ్ళ వేడి, ఈ లైట్ల వేడి, అంతా ఒక్క పూటలో ఆ గదుల్లోకి పోతుంది. ఏమవుతుందో మీకు చెప్పాను. చెప్పలేదని రేపు అనకండి."

"చెప్పారు," అన్నాడాయన. కొబ్బరిబోండాం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

శనివారమంతా విశాలాక్షి, చలపతి చిట్టికొండ మీద గుమ్మం గుమ్మానికీ తిరిగారు. వెనక గదుల్లో ఉండొద్దని చెప్పారు. కొందరు నమ్మలేదు. కొండ మన తల్లి, తల్లి కీడు చేస్తుందా అన్నారు. నమ్మినవాళ్ళకీ దారి లేదు. చంకలో పిల్లతో ఒకావిడ నిలదీసింది: "ముందు గదిలో రేకులు, వెనక గదిలో రాయి. నడిగుమ్మంలో పడుకోమంటారా మేడంగారూ? అదన్నా చెప్పి పొండి."

ఆమెకి చెప్పడానికి విశాలాక్షి దగ్గర ఒక్కటే జవాబుంది. అది నోటితో చెప్పేది కాదు.

తూము గది కొండ అడుగున, పొట్టిగా, తలుపుకి తాళంతో ఉంది. ఆదివారం భోజనాల వేళ దాటాక ఇమ్మానుయేలు అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. విశాలాక్షిని చూసి లేచాడు.

"వస్తారని తెలుసు మేడం. తాళం ఇవ్వద్దని ఆర్డరు."

"ఇవ్వకండి. తలుపు తీసి పక్కకి జరగండి చాలు."

"మీ ఉద్యోగం పోద్ది. నా పింఛను పోద్ది. కేసు పెడతారు."

"మీ మనవలు ఎంతమందండీ?"

ఆయన తాళం తీశాడు. తీసి, అటు తిరిగి నిలబడ్డాడు. రేపు ఎవరైనా అడిగితే చూళ్ళేదని చెప్పడానికో, చూడలేకో.

లోపల రెండు ఇనప చక్రాలు. కాలువ వైపు చక్రానికి వెల్డింగు మచ్చలు. కొండ వైపు చక్రం కొత్తగా మెరుస్తోంది. ఇదీ తన చేత్తో గీసిన బొమ్మ ప్రకారం చేసిందే. ఎప్పుడైనా ప్రమాదం జరిగితే ఆడమనిషి కూడా తిప్పగలిగేలా ఉండాలని, పళ్ళ చక్రం ఒకటి అదనంగా పెట్టించింది. ఇప్పుడు తిప్పుతుంటే నవ్వొచ్చింది. కడ్డీలు ఒక్కొక్కటే విడిపోతున్న చప్పుడు నేలలోంచి వినపడింది. పదిహేనేళ్ళ పని తన చేతి కింద తెగిపోతున్న చప్పుడు. చివరి చుట్టు తిప్పి, చీర కొంగుతో చేతులు తుడుచుకుని బయటకొచ్చింది.

ఫోను మోగడానికి ఎంతోసేపు పట్టలేదు. అవతల భుజంగరావు గొంతు, దాని వెనక వేల గొంతుల రొద.

"ఏం చేశారు? మెట్లు కాలుతున్నాయి! పెద్దలంతా కోట్లేసుకుని కూర్చున్నారిక్కడ. జనం చచ్చిపోతారు!"

"చావరండీ. అది బెజవాడ ఎండే. పుట్టినప్పట్నుంచీ వాళ్ళకి తెలిసిన ఎండే. మైకులో చెప్పండి, చల్లదనం ఆపేశామని. మీ కంపెనీవాళ్ళ నీళ్ళసీసాలు ఊరికే పంచమనండి. ఉండలేనివాళ్ళు లేచి వెళ్ళడానికి చుట్టూ గేట్లున్నాయి, మీరే గొప్పగా కట్టించారు. కొండమీద గదికి ఒకటే తలుపు."

"పోలీసుల్ని పంపిస్తున్నాను!"

"పంపించండి. మెట్లు ఎక్కువున్నాయి, మెల్లగా రమ్మనండి."

ఆమె కొండెక్కింది. స్టేడియం నుంచి ఈలలు, అరుపులు ఇక్కడిదాకా వినపడుతున్నాయి. అవి ఆటకో, తిట్లకో దూరం నుంచి తెలియడం లేదు.

మాణిక్యం ఇంట్లోనే ఉంది. ఆసుపత్రిలో ఉన్న కూతురికి చారన్నం వండి పట్టుకుపోదామని వచ్చింది. పిల్లాడు పాలు తాగాడని, గట్టిగా ఏడ్చాడని చెప్పింది. ఆ ఏడుపు గురించి చెబుతుంటే ఆమె మొహం కళకళలాడింది. విశాలాక్షి ఆమె చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి తీసుకెళ్ళింది. కిటికీ బార్లా తీసి ఉంది. మంచం ఖాళీగా ఉంది.

"వదినా, గుడ్డలు కుక్కింది నువ్వే. నీళ్ళు తాగనివ్వనిది నువ్వే. కానీ గోడకి వేడి తెచ్చింది నువ్వు కాదు. అది నా కడ్డీల్లోంచి వచ్చింది. స్టేడియం ఎండని మీ గోడలోకి తోలారు. తోలింది వాళ్ళు. తోలే దారి కనిపెట్టింది నేను."

మాణిక్యం ఆమె చేతిలోంచి తన చెయ్యి లాక్కుంది.

"సూరమ్మత్త?"

"అవును."

"మా పిల్లాడు?"

"అవును వదినా."

తిడుతుందనుకుంది, కొడుతుందనుకుంది. మాణిక్యం ఆ రెండూ చెయ్యలేదు. విశాలాక్షి మణికట్టు పట్టుకుని, అరచెయ్యి తెచ్చి రాతిగోడకి ఆనించి నొక్కింది. గోడ ఇంకా కాలుతూనే ఉంది.

"ఇప్పుడేం చేశావు?"

"ఆపేశాను. కానీ రాయి మెల్లగా చల్లారుతుంది. తెల్లారుతుందేమో."

"అయితే కూర్చో. చల్లారేదాకా ఇక్కడే కూర్చో. చెయ్యి తియ్యకు."

విశాలాక్షి నేల మీద కూర్చుంది. చెయ్యి తియ్యలేదు. మాణిక్యం ఎదురుగా కూర్చుంది. చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళు ఒక్కొక్కరే గుమ్మంలోకొచ్చి, సంగతి ఒకరి నుంచి ఒకరు విని, ఎవరి ఇంటికి వాళ్ళు వెళ్ళి ఎవరి గోడ మీద వాళ్ళు చెయ్యి పెట్టి చూసుకున్నారు.

పొద్దువాలుతుండగా పోలీసులొచ్చారు. ఎస్సై ముప్ఫై ఏళ్ళవాడు. మెట్లెక్కి రొప్పుతున్నాడు, చొక్కా వీపుకి అతుక్కుపోయింది. "విశాలాక్షి గారంటే మీరేనా? లేవండి మేడం, స్టేషనుకి రావాలి."

విశాలాక్షి లేవబోయింది. మాణిక్యం ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"ఆగు బాబూ. ఇంకా గోడ చల్లారలేదు."

"గోడేంటమ్మా?"

"ఆ పక్కన నువ్వూ ఓసారి చెయ్యి పెట్టి చూడు నాయనా. మీ అమ్మ నిన్ను కని ఇట్టాంటి గదిలోనే పడుకోబెట్టి ఉంటది."

ఎస్సై విసుగ్గా వంగి, సున్నం కొట్టిన రాతి మీద అరచెయ్యి పెట్టాడు. వెంటనే లాక్కున్నాడు. చేతిని చూసుకున్నాడు, పక్కనే ఖాళీ మంచం మీద మడత పెట్టి ఉన్న పిల్లాడి పొత్తిగుడ్డని చూశాడు. తరవాత టోపీ తీసి, గుమ్మంలో గడప మీద కూర్చున్నాడు.